అసలు సీడీ పెట్టినా ‘సీడీ పెట్టండి’ అంటుందా? వర్చువల్ మెషీన్‌లో పాత గేమ్‌ల డిస్క్ ప్రొటెక్షన్ సమస్యకు సమగ్ర మార్గదర్శి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అసలు సీడీ నా దగ్గర ఇంకా ఉంది. 1999లో వచ్చిన గేమ్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది కాబట్టి, వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ ఎక్స్‌పీ వేసి, సీడీని ఐఎస్ఓ ఫైల్‌గా (సీడీలోని డేటా అంతా ఒకే ఫైల్‌గా చేసిన కాపీ) మార్చి, దాన్ని ఎక్స్‌పీకి తగిలించి ఇన్‌స్టాల్ చేశాను. ఇన్‌స్టాల్ చక్కగా అయింది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. గేమ్ ఐకాన్ మీద రెండుసార్లు నొక్కగానే మాత్రం సరైన సీడీ పెట్టమని మెసేజ్. మళ్లీ నొక్కాను, మళ్లీ అదే. ఎక్స్‌పీ మొత్తం తీసేసి కొత్తగా వేసినా అదే. సీడీ పాడైపోయిందేమోనని టెన్షన్ పడి మెత్తటి గుడ్డతో తుడిచి కూడా చూశాను. సీడీకి ఏమీ కాలేదు, ఎక్స్‌పీ తప్పూ లేదు. తప్పు నేను ఎంచుకున్న దారిది. డబ్బు పెట్టి కొనుక్కున్న గేమ్‌ని మనమే ఆడుకోలేకపోతే బాధగా ఉంటుంది, అందుకే తెలుసుకున్నదంతా వరసగా రాస్తున్నాను.

ముందు అసలు కారణం అర్థం చేసుకోండి

ఈ భాగం వదిలేసి నేరుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లకండి, ఇది తెలిస్తే తర్వాత చేసే ప్రతి పనికీ కారణం తెలుస్తుంది. డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌లో (సీడీ మీద డేటా రాసే చిన్న ముక్క) 2352 బైట్లు ఉంటాయి. అందులో మన ఫైళ్లకి చెందినవి 2048 మాత్రమే. మిగతా 304లో 12 సెక్టార్ ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తు, 4 దాని అడ్రస్, 4 తప్పు ఉందో లేదో చూసే కోడ్, 8 ఖాళీ, 276 తప్పుని సరిదిద్దే కోడ్. వీటన్నిటికీ పక్కన సబ్‌ఛానల్ అని ఇంకో 96 బైట్లు నడుస్తుంటాయి. ఐఎస్ఓ ఫైల్ చేసినప్పుడు ఆ 2048 మాత్రమే మిగులుతాయి, మిగతాదంతా పోతుంది.

కాపీ ప్రొటెక్షన్, అంటే సీడీని కాపీ చేసి వాడకుండా పెట్టే తాళం, ఉండేది సరిగ్గా ఆ పోయిన భాగంలోనే. 1998లో వచ్చిన సేఫ్‌డిస్క్ అనే ప్రొటెక్షన్ సంగతే చూడండి, సీడీ మొదట్లో వేల సెక్టార్లని కావాలనే చదవడానికి రాకుండా తయారు చేసేవాళ్లు. గేమ్ మొదలయ్యే ముందు ఆ సెక్టార్లని చదవమని డ్రైవ్‌ని అడుగుతుంది. చదవలేకపోయానని డ్రైవ్ చెబితే అసలు సీడీ. హాయిగా చదివేసి డేటా ఇస్తే అది కాపీ. ఐఎస్ఓలో తప్పు సెక్టార్ అనేదే ఉండదు, ఏది అడిగినా శుభ్రంగా ఇచ్చేస్తుంది, అలా ఇవ్వడంతోనే దొరికిపోతుంది.

మరి ఐఎస్ఓ వద్దని డ్రైవ్‌లో అసలు సీడీనే పెట్టి వర్చువల్ మెషీన్‌కి ఇస్తే? అప్పుడూ చాలాసార్లు అదే మెసేజ్ వస్తుంది, అందరూ తికమకపడేది ఇక్కడే. ఎక్స్‌పీకి కనిపించేది మీ నిజమైన డ్రైవ్ కాదు, వర్చువల్‌బాక్స్ తయారు చేసిన ఉత్తుత్తి డ్రైవ్. అది మామూలు ఫైళ్లు చదివే ఆదేశాలని అర్థం చేసుకుని తనే సమాధానం తెచ్చి ఇస్తుంది. ప్రొటెక్షన్ అడిగే వింత ఆదేశాలు అసలు డ్రైవ్ దాకా పోవు. కాబట్టి మనం చేయాల్సిన పని ఒక్కటే, మధ్యలో ఉన్న ఈ ఉత్తుత్తి డ్రైవ్‌ని పక్కకి తప్పించి గేమ్‌ని అసలు డ్రైవ్‌తో నేరుగా మాట్లాడించాలి.

దీన్ని కనిపెట్టడానికి నేను వాడే గుర్తు ఒకటుంది. గేమ్ నొక్కాక డ్రైవ్‌ని చూడండి, వినండి. డ్రైవ్ లైటు వెలగకుండా, సీడీ తిరిగే శబ్దం రాకుండా, నొక్కిన మరుక్షణమే మెసేజ్ వస్తే ప్రశ్న డ్రైవ్ దాకా చేరలేదని అర్థం. లైటు మినుకుమినుకుమంటూ, డ్రైవ్ ఆగి ఆగి తిరుగుతూ కాసేపు కష్టపడి ఆ తర్వాత మెసేజ్ వస్తే, ప్రశ్న చేరింది, సమాధానం మాత్రం సరిగా రాలేదు. మొదటిది సెట్టింగ్ సమస్య, రెండోది డ్రైవ్‌దో గీతలదో డ్రైవర్‌దో సమస్య.

మీ సీడీలో ఉన్నది ఏ ప్రొటెక్షన్?

అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. సీడీని ఓపెన్ చేసి, దాచిన ఫైళ్లు కూడా కనిపించేలా పెట్టుకుని పేర్లు చూడండి. సీఎల్‌ఓకేఎస్‌పీఎల్ అనే ఎగ్జిక్యూటబుల్, సీఎల్‌సీడీ32 అనే డీఎల్ఎల్, 00000001 పేరుతో ఒక టెంప్ ఫైల్, ఐసీడీ ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైల్ ఉంటే అది పాత సేఫ్‌డిస్క్, మొదటి వెర్షన్. నా సీడీలో ఎంపైర్స్2 డాట్ ఐసీడీ ఉంది, అసలు గేమ్ ప్రోగ్రామ్ తాళం వేసి పెట్టింది అందులోనే. రెండో వెర్షన్ నుంచి సేఫ్‌డిస్క్ గేమ్ ప్రోగ్రామ్ లోపలికే వెళ్లిపోయింది, 00000001 టెంప్ ఫైల్ కనిపించినా ఐసీడీ ఫైల్ బయటికి కనిపించదు. లేజర్‌లాక్ పేరుతో (స్పెల్లింగ్‌లో సీ లేకుండా) దాచిన ఫోల్డర్ ఉంటే అది లేజర్‌లాక్. ప్రొటెక్ట్ అనే డీఎల్ఎల్ ఉంటే రష్యా వాళ్ల స్టార్‌ఫోర్స్ అని అనుమానించండి. గేమ్ మొదలయ్యేటప్పుడు మౌస్ గుర్తు పక్కన చిన్న సీడీ బొమ్మ తిరిగితే సోనీ డీఏడీసీ వాళ్ల సెక్యూరామ్. ఏదీ తేలకపోతే ప్రొటెక్షన్ ఐడీ అనే చిన్న టూల్ ఉంది, గేమ్ ఫోల్డర్‌ని దానికి చూపిస్తే పేరు, వెర్షన్ చెబుతుంది. దాన్ని ఎక్స్‌పీ లోపలే నడపండి, మీ అసలు సిస్టమ్‌లో వద్దు.

కొన్ని గేమ్‌లకి అసలు ప్రొటెక్షనే ఉండదు, అయినా ఐఎస్ఓతో ఇబ్బంది పెడతాయి. 1996 నాటి క్వేక్ సీడీలో మొదటి ట్రాక్ డేటా, మిగతావి మామూలు ఆడియో సీడీలో ఉండేలాంటి పాటల ట్రాక్‌లు. ఐఎస్ఓలోకి డేటా ట్రాక్ ఒక్కటే వస్తుంది, గేమ్ నడుస్తుంది కానీ సంగీతం ఉండదు. పాటల ట్రాక్ ఉందో లేదో చూసి అసలు సీడీ అవునో కాదో తేల్చుకునే గేమ్‌లు కూడా ఆ రోజుల్లో వచ్చాయి.

ఏ వర్చువల్ మెషీన్ వాడాలి

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 లాంటి 2డీ గేమ్‌కి వర్చువల్‌బాక్స్ చాలు. 3డీ గేమ్ అయితే వర్చువల్‌బాక్స్‌తో టైమ్ వృథా చేసుకోకండి, 6.1 వెర్షన్ నుంచి ఎక్స్‌పీకి 3డీ సపోర్ట్ తీసేశారు. డిస్క్ సమస్య తీర్చుకున్నాక కూడా గేమ్ నల్ల స్క్రీన్ దగ్గరే ఆగిపోతుంది, అది ప్రొటెక్షన్ వల్లేనని అనుకుని మళ్లీ మొదటికి వెళతారు. వాళ్లకి వీఎంవేర్ వర్క్‌స్టేషన్ మంచిది, ఎక్స్‌పీలో డైరెక్ట్ఎక్స్ 9 గేమ్‌లు నడుస్తాయి, 2024లో దాన్ని ఉచితం కూడా చేశారు. విండోస్‌తోనే వచ్చే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ హైపర్-వీ ఈ పనికి సరిపోదు, యూఎస్‌బీ డ్రైవ్‌ని లోపలికి పంపించే సదుపాయమే దానికి లేదు. విండోస్ 95, 98 కాలం గేమ్‌లకైతే 86బాక్స్ చూడండి, అది ప్రాసెసర్‌తో సహా పాత కంప్యూటర్ మొత్తాన్ని అనుకరిస్తుంది, క్యూ-బిన్ అనే రెండు ఫైళ్ల సీడీ కాపీలని (ఇమేజ్‌లని) పాటల ట్రాక్‌లతో సహా చదువుతుంది.

అసలు డ్రైవ్‌ని అప్పగించడం: మొదటి పద్ధతి

వర్చువల్ మెషీన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి, సేవ్ స్టేట్ కాదు. వర్చువల్‌బాక్స్‌లో ఆ మెషీన్ సెట్టింగ్స్, అందులో స్టోరేజ్. ఐడీఈ కంట్రోలర్ కింద సీడీ గుర్తు మీద నొక్కితే కుడివైపు చిన్న డిస్క్ బొమ్మ కనిపిస్తుంది, దాని మెనూలో మీ హోస్ట్ (అంటే మీ అసలు కంప్యూటర్) డ్రైవ్‌ని ఎంచుకోండి. అలా ఎంచుకున్నాక పాస్‌త్రూ అనే టిక్ బాక్స్ వస్తుంది. చాలామంది డ్రైవ్ ఎంచుకుని ఇక్కడే ఆగిపోతారు, ఈ టిక్ పెట్టరు. నేనూ మొదటిసారి పెట్టలేదు. ఈ టిక్ పెడితేనే ఎక్స్‌పీ ఇచ్చే ఆదేశాలు అసలు డ్రైవ్‌కి వెళతాయి. పెట్టాక కూడా ఎక్స్‌పీలో డ్రైవ్ పేరు వీబాక్స్ అనే కనిపిస్తుంది, పేరు మారలేదని మళ్లీ వెనక్కి వెళ్లి మార్చకండి.

పాస్‌త్రూ పెడితే డ్రైవ్ ఫర్మ్‌వేర్‌ని (డ్రైవ్‌ని నడిపే దాని లోపలి ప్రోగ్రామ్) మార్చే ఆదేశాలు కూడా లోపలి నుంచి వెళ్లగలవు, అందుకే వర్చువల్‌బాక్స్ వాళ్లు దీన్ని డిఫాల్ట్‌గా ఆపి ఉంచారు. నమ్మకం లేని సాఫ్ట్‌వేర్ ఉన్న మెషీన్‌కి దీన్ని పెట్టకండి.

వీఎంవేర్‌లో అయితే సీడీ/డీవీడీ సెట్టింగ్‌లో ఫిజికల్ డ్రైవ్ ఎంచుకుని, అడ్వాన్స్‌డ్ నొక్కి, లెగసీ ఎమ్యులేషన్ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. అక్కడ పెట్టాలి, ఇక్కడ తీయాలి, ఇది గుర్తుంచుకోండి. లినక్స్ హోస్ట్ వాడేవాళ్లు తమ యూజర్‌ని సీడీరామ్ గ్రూప్‌లో చేర్చుకుని ఒకసారి లాగౌట్ అయి రావాలి, లేకపోతే డ్రైవ్ తెరవడానికి అనుమతి ఉండదు.

ఇంకో చిన్న విషయం. హోస్ట్‌లో సీడీ ఫోల్డర్ తెరిచి ఉన్నా, ఆటోప్లే విండో వచ్చి ఉన్నా, యాంటీవైరస్ సీడీని స్కాన్ చేస్తున్నా మధ్యలో అడ్డు తగులుతుంది. అవన్నీ మూసేశాకే మెషీన్ ఆన్ చేయండి.

రెండో పద్ధతి: యూఎస్‌బీ డ్రైవ్ మొత్తాన్నే లోపలికి పంపడం

నాకు నమ్మకం ఎక్కువ దీని మీదే. ఈ రోజుల్లో ల్యాప్‌టాప్‌లకి డ్రైవ్ ఉండదు కాబట్టి ఎలాగూ బయట యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనాల్సిందే. సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ సామాన్ల షాపుల్లో అడగండి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. కొనేటప్పుడు మీ గేమ్ సీడీ తీసుకెళ్లి అక్కడే పెట్టి చూడటం మంచిది, కొన్ని సన్నటి డ్రైవ్‌లు పాత సీడీలని చదవడానికి మొరాయిస్తాయి.

స్టోరేజ్‌లో పెట్టిన హోస్ట్ డ్రైవ్‌ని ముందు తీసేయండి, ఒకే డ్రైవ్‌ని రెండు దారుల్లో ఇవ్వకూడదు. తర్వాత మెషీన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ ఎంచుకోండి. 3.0 పెట్టకండి, ఎక్స్‌పీలో దానికి డ్రైవర్ లేదు. వర్చువల్‌బాక్స్ 7 కంటే పాతది అయితే 2.0 కోసం ఎక్స్‌టెన్షన్ ప్యాక్ కూడా వేయాలి, 7 నుంచి అక్కర్లేదు. ఎక్స్‌పీ పూర్తిగా ఆన్ అయ్యాక డివైసెస్ మెనూలో యూఎస్‌బీ కింద మీ డ్రైవ్ పేరు ఉంటుంది, దాని మీద నొక్కండి. హోస్ట్‌లో డ్రైవ్ మాయమై ఎక్స్‌పీలో ప్రత్యక్షమవుతుంది. ఈసారి ఎక్స్‌పీ డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ తయారు చేసిన కంపెనీ పేరే కనిపిస్తుంది, అంటే మధ్యలో ఎవరూ లేరు. లినక్స్‌లో దీనికి వీబాక్స్‌యూజర్స్ గ్రూప్‌లో ఉండాలి. వీఎంవేర్‌లో రిమూవబుల్ డివైసెస్ మెనూ నుంచి కనెక్ట్ నొక్కితే సరిపోతుంది.

నా గేమ్ మొదటిసారి తెరుచుకున్నది ఇలాగే. ఐకాన్ నొక్కాక డ్రైవ్ గిర్రున తిరిగింది, ఆగింది, టక్ టక్‌మని చిన్న చప్పుడు, మళ్లీ తిరిగింది. మెసేజ్ వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. గేమ్ వచ్చింది.

ఎక్స్‌పీ లోపల చూసుకోవాల్సినవి

డ్రైవ్ అక్షరం మారిందేమో ముందు చూడండి. డీ డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేసి, ఇప్పుడు యూఎస్‌బీ డ్రైవ్ ఈ అనే అక్షరంతో వస్తే కొన్ని గేమ్‌లు ఇంకా డీ లోనే వెతుకుతుంటాయి. పాత ఉత్తుత్తి డ్రైవ్‌ని తీసేసి డిస్క్ మేనేజ్‌మెంట్‌లో యూఎస్‌బీ డ్రైవ్‌కి డీ అక్షరం ఇవ్వండి, లేదా ఇప్పుడున్న అక్షరం నుంచే గేమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

రెండోది సేఫ్‌డిస్క్ వాడే డ్రైవర్, పేరు సెక్‌డీఆర్‌వీ. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి దాచిన డివైస్‌లు చూపించమని పెడితే, ప్లగ్ అండ్ ప్లే కాని డ్రైవర్ల కింద ఆ పేరు కనిపిస్తుంది. అక్కడ ఎర్ర గుర్తో పసుపు గుర్తో ఉంటే డ్రైవర్ పనిచేయడం లేదు. ఈ డ్రైవర్‌లో భద్రతా లోపం బయటపడి 2007 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ సరిదిద్దింది, 2015లో ఒక అప్‌డేట్‌తో విస్టా, 7, 8ల్లో దాన్ని ఆపేసింది, విండోస్ 10 నుంచి అసలు ఒప్పుకోవడమే మానేసింది. మీ గెస్ట్ (వర్చువల్ మెషీన్‌లో వేసిన సిస్టమ్) విండోస్ 7 అయితే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌సీ కమాండ్‌తో ఆ సర్వీస్‌ని స్టార్ట్ చేసి గేమ్ ఆడండి, అయ్యాక స్టాప్ చేయండి. ఎక్స్‌పీ అయితే అది సిద్ధంగానే ఉంటుంది, కానీ నెట్‌వర్క్ అడాప్టర్‌ని డిసేబుల్ చేసి ఉంచండి. అసలు సిస్టమ్‌లో ఇలాంటి పాత డ్రైవర్‌ని తట్టి లేపడం కంటే, నెట్ లేని వర్చువల్ మెషీన్‌లో దాన్ని ఉంచడం ఎంతో నయం.

మూడోది సీడీ పాటలు. డివైస్ మేనేజర్‌లో సీడీ డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి, డిజిటల్ సీడీ ఆడియో దగ్గర టిక్ పెట్టండి. పాత కంప్యూటర్లలో డ్రైవ్ నుంచి సౌండ్ కార్డ్‌కి సన్నటి వైరు ఒకటి ఉండేది, వర్చువల్ మెషీన్‌లో ఆ వైరు లేదు కాబట్టి పాటలు డేటా దారిలోనే రావాలి.

నాలుగోది, ఎక్స్‌పీలో డీమన్ టూల్స్ లాంటి వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ ఇంతకుముందు వేసి ఉంటే తీసేయండి. సెక్యూరామ్, తర్వాతి సేఫ్‌డిస్క్ వెర్షన్లు వాటిని కనిపెట్టి అసలు సీడీ ఉన్నా గేమ్‌ని ఆపేస్తాయి. ఇన్ని చేశాక గేమ్ నడిస్తే వెంటనే షట్‌డౌన్ చేసి ఒక స్నాప్‌షాట్ (మెషీన్ ఇప్పుడున్న స్థితిని దాచిపెట్టేది, తర్వాత దానికి తిరిగి రావచ్చు) తీసి పెట్టుకోండి.

ఇంకా మొరాయిస్తే

వర్చువల్‌బాక్స్ విండో కింద పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే హోస్ట్‌లో హైపర్-వీ నడుస్తోంది, వర్చువల్‌బాక్స్ దాని మీద ఎక్కి నెమ్మదిగా నడుస్తోంది. సీడీ మీద ఒక సెక్టార్ నుంచి ఇంకో సెక్టార్‌కి పోవడానికి ఎంత టైమ్ పట్టిందో కొలిచే ప్రొటెక్షన్లు ఉన్నాయి, సెక్యూరామ్ తర్వాతి వెర్షన్లు, స్టార్‌ఫోర్స్ ఈ కోవలోవి. లోపలి గడియారం తడబడితే కొలత తప్పుతుంది. హైపర్-వీ పూర్తిగా ఆపాలంటే విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ కూడా ఆపాల్సి రావచ్చు. రోజూ బ్యాంకింగ్ చేసుకునే ల్యాప్‌టాప్‌లో ఒక గేమ్ కోసం అది ఆపమని నేను చెప్పను, అలాంటప్పుడు ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటర్‌లో నేరుగా ఎక్స్‌పీ వేసుకోవడమే మంచిది.

వర్చువల్ మెషీన్ అని తెలిస్తే నడవడానికే ఒప్పుకోని ప్రొటెక్షన్లు కూడా ఉన్నాయి. వాటితో రెండు మూడు రోజులు కుస్తీ పట్టకండి. ఇంకో రకం ఆన్‌లైన్ యాక్టివేషన్. 2008లో వచ్చిన స్పోర్‌కి మొదట మూడు యాక్టివేషన్లే ఇచ్చారు. ఇలాంటి గేమ్‌లకి మీరు తయారు చేసే ప్రతి కొత్త వర్చువల్ మెషీన్ ఒక కొత్త కంప్యూటర్ కిందే లెక్క, ప్రయోగాలకి ఆ లెక్క ఖర్చయిపోతుంది.

కంపెనీలే సీడీ అవసరం తీసేసిన గేమ్‌లు కూడా ఉన్నాయి, ఇది చాలామందికి తెలియదు. డయాబ్లో 2కి 2008లో వచ్చిన 1.12 ప్యాచ్ వేసి, సీడీల్లోని ఎంపీక్యూ ఫైళ్లని గేమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటే సీడీ లేకుండానే నడుస్తుంది. స్టార్‌క్రాఫ్ట్‌కి 1.15.2 ప్యాచ్‌తో ఇదే వీలు వచ్చింది. మీ గేమ్ చివరి అధికారిక ప్యాచ్ ఏమిటో, దాంతో వచ్చిన రీడ్‌మీలో ఏం రాశారో ముందు చదవండి. జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో అమ్ముతుంటే, స్తోమత ఉంటే అది కొనండి, ప్రొటెక్షన్ లేకుండానే ఇస్తారు. సేఫ్‌డిస్క్ గేమ్‌ని వర్చువల్ మెషీన్ లేకుండా విండోస్ 10, 11లోనే అసలు సీడీతో ఆడాలనుకుంటే సేఫ్‌డిస్క్‌షిమ్ అనే టూల్ ఉంది, ప్రమాదకరమైన ఆ పాత డ్రైవర్ లేకుండా దాని పని ఇది చేస్తుంది.

సీడీ పాడయ్యేలోపు సరైన ఇమేజ్ తీసుకోండి

మన దేశ కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52 ప్రకారం, చట్టబద్ధంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రామ్ పోకుండా, పాడవకుండా బ్యాకప్ చేసుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన 65ఏ మాత్రం హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో ప్రొటెక్షన్‌ని ఛేదించడాన్ని నేరంగా చూస్తుంది. కాబట్టి మీ సీడీకి మీ బ్యాకప్, అంతవరకే. అమెరికాలో ఉన్న మనవాళ్లకి అక్కడి చట్టం వేరు, ఇంకా గట్టిది.

బ్యాకప్‌కి ఐఎస్ఓ వద్దు, కారణం పైన చెప్పాను. పాటల ట్రాక్‌లు ఉన్న సీడీకి క్యూ-బిన్ చాలు. ప్రొటెక్షన్ ఉన్నదానికి సబ్‌ఛానల్‌తో సహా దాచే సీసీడీ-ఇమేజ్-సబ్ మూడు ఫైళ్ల జత, లేదా సెక్టార్ల దూరం కొలతని కూడా రాసుకునే ఎండీఎస్-ఎండీఎఫ్ జత కావాలి. వర్చువల్‌బాక్స్ గానీ వీఎంవేర్ గానీ ఈ రెండు రకాల జతలనీ నేరుగా తీసుకోవు. గెస్ట్ లోపల వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ వేసి అందులో తగిలించాలి. అలాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే అసలు సీడీ గేమ్‌లు ఆగుతాయని ఇందాక చెప్పాను కదా, అందుకే దీనికి వేరే స్నాప్‌షాట్ పెట్టుకోండి. సేఫ్‌డిస్క్ సీడీ ఇమేజ్ తీసేటప్పుడు మొదట్లోనే వరసగా ఎర్రర్లు వస్తాయి, గంటలు పట్టినా పట్టొచ్చు. సీడీ పోయిందనుకుని మధ్యలో ఆపకండి, ఆ ఎర్రర్లే మనకి కావాల్సినవి. వాటిని సరిదిద్దే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేయండి.

సీడీ డబ్బా వెనక అంటించిన ప్రొడక్ట్ కీ స్టిక్కర్‌ని కూడా అప్పుడే ఫొటో తీసి ఇమేజ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. నా దగ్గర ఒక గేమ్ సీడీ మెరుస్తూ కొత్తదానిలా ఉంది, ఇమేజ్ కూడా పక్కాగా వచ్చింది, కానీ డబ్బా మీద అక్షరాలు తేమకి చెదిరిపోయి కీలో చివరి నాలుగూ కనిపించడం లేదు. ఆ గేమ్ ఇంకా ఇన్‌స్టాల్ చేయలేకపోయాను.